తప్పు కొట్టేయకండి, తేదీ వేసి దాచండి

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే మా భవిత కేంద్రానికి వారానికి ఒకరిద్దరైనా వచ్చి ఈ మాటే అంటారు. "మేడమ్, వీడికి నోరు చూస్తే ఇంత పొడుగు. పుస్తకం తీస్తే నీళ్లు నములుతాడు." చంద్రగిరి పక్క పల్లె నుంచి మనవణ్ణి చెయ్యి పట్టుకొచ్చిన అవ్వయినా, కొర్లగుంట నుంచి ఆటోలో దిగిన అమ్మయినా చెప్పే తీరు ఇదే. నేను మార్కుల సంగతి తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, "పోయినేడు నోటుబుక్కులు ఉండాయా?" చాలామంది దగ్గర ఉండవు. పాత పేపర్లాయనకు వేసేసి ఉంటారు. సగం ఆధారం ఆ తక్కెట్లోనే పోయింది.

తెలివి ఉండి కూడా చదువో, రాతో, లెక్కో మొరాయించడాన్ని లెర్నింగ్ డిజబిలిటీ అంటారు. ఈ సమస్య రక్తపరీక్షలో తేలదు, స్కానింగులో కనపడదు. పిల్లవాడు చేసిన తప్పులే దీనికి రిపోర్టు. ఏ తప్పు, ఏ అక్షరం దగ్గర, ఎన్ని నెలల నుంచి, ఎంత చెప్పినా పోకుండా ఉందో చూసి తేల్చాల్సిందే. ఈ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. స్పెషల్ బీఈడీ చేయకముందు ఆరేళ్లు ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పాను. తప్పు మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టి, సరైన మాట పదిసార్లు రాయమనేదాన్ని. పదిసార్లూ చూసి రాసేవాళ్లు. పదకొండోసారి చూడకుండా రాయమంటే మళ్లీ అదే తప్పు. అప్పట్లో దాన్ని పొగరనుకున్నాను.

కాబట్టి మొదటి పని, ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొనండి. తప్పును కొట్టేయకండి, వాణ్ణి చెరపనివ్వకండి. పక్కన పెన్సిలుతో తేదీ వేసి దాచండి. నేను కింద చెప్పేవన్నీ ఆ పుస్తకంలోకే పోవాలి.

ముందు పేరు సంగతి

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశాడు. వాడి పేరు పెర్సీ. చురుకైన పిల్లవాడు, ఆటల్లో తోటివాళ్లకు తీసిపోడు, లెక్కలు బాగానే చేస్తాడు. చదవమంటే మాత్రం చేతకాదు. పేరు రాయమంటే 'ప్రెసీ' అని రాశాడు. అందులో తప్పుందని ఒకటికి రెండుసార్లు చెప్తే గానీ వాడికి కనపడలేదు. పాఠాలన్నీ నోటితోనే చెప్పేట్టయితే బడి మొత్తంలో వీడే ముందుంటాడని వాళ్ల మాస్టరు అన్నాడట. మా దగ్గరికొచ్చే అవ్వ చెప్పేదీ, ఆ మాస్టరు చెప్పిందీ ఒకటే కదా.

'లెర్నింగ్ డిజబిలిటీ' అన్న మాట 1963లో అమెరికాలో శామ్యూల్ కిర్క్ తల్లిదండ్రుల సభలో వాడాక వాడుకలో పడింది. మన దగ్గర 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని ఊసే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కలోకి తీసుకుంది, అందులో 'స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ' ఒకటి. ఆ 'స్పెసిఫిక్' అనే మాటను వదలొద్దు. తెలివి మొత్తానికి తక్కువని దానర్థం కాదు. చదవడమో, రాయడమో, లెక్కో, ఆ ఒక్క పని దగ్గరికి వచ్చేసరికి బండి మొరాయిస్తుంది. యూట్యూబులో బ్రిటన్ వాళ్ల వీడియోలు చూసి హడలిపోయి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ 'లెర్నింగ్ డిజబిలిటీ' అంటే మనం మేధో వైకల్యం అనేదే. అవి మన పిలకాయల గురించి చెప్తున్న వీడియోలు కావు.

అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి

ఆదివారం పొద్దున, టిఫిన్ అయ్యాక, టీవీ ఆపేసి కూర్చోండి. ట్యూషన్ నుంచి వచ్చి అలిసిపోయినప్పుడు వద్దు. అక్కనో చెల్లెలినో పక్కన కూర్చోబెట్టొద్దు, అందించేస్తారు. అరగంట చాలు. ఒకేరోజు అన్నీ చూడాలని లేదు.

చదివించేటప్పుడు వాడి క్లాసు తెలుగు వాచకం తీసుకోకండి. ఎందుకో చెప్తాను. నాలుగో తరగతి అబ్బోడు ఒకడు నా ముందు కూర్చుని పాఠం గడగడా చదివేస్తున్నాడు. వాళ్ల నాయన నావైపు 'చూసినారా' అన్నట్టు చూస్తున్నాడు. నాకెందుకో అనుమానం వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టాను. చదవడం ఆగలేదు! రెండు వాక్యాలు అట్లాగే పోయినాడు. తర్వాత నా చెయ్యి చూసి, నా మొహం చూసి, తల దించుకున్నాడు. చెయ్యి తీసి ఆఖరి లైన్లో నాలుగో మాట ఏదని వేలు పెట్టి అడిగితే, మొదటి మాట నుంచి గొణుక్కుంటూ లెక్కపెట్టుకుని అక్కడికి చేరాడు. బడిలో మూడేళ్లు వాణ్ణి 'బాగా చదివే పిల్లవాడు' అనుకున్నారు. ఇట్లాంటి జ్ఞాపకశక్తి ఉన్న పిల్లవాడికి తెలివి తక్కువని ఎవరంటారు?

కాబట్టి వాడు ఎప్పుడూ చూడని కథ కావాలి. వాడి తరగతికంటే ఒక మెట్టు కిందిది. ఫోన్లో ఒక్క నిమిషం టైమర్ పెట్టి, ఎన్ని మాటలు చదివాడో, ఏవి ఎట్లా చదివాడో రాసుకోండి. 'తప్పు' అని రాస్తే నాకు పనికిరాదు. వాడి నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు రాయాలి. 'సముద్రం' అని ఉంటే 'సమాధానం' అన్నాడనుకోండి, మొదటి అక్షరాలు చూసి మిగతాది ఊహించుకుంటున్నాడన్న మాట. 'పుస్తకం' దగ్గర 'పుసకం' అంటే ఒత్తు కంటికి ఆనడం లేదు. మొదటి లైన్లో 'కుందేలు' సరిగ్గా చదివి ఐదో లైన్లో అదే మాట దగ్గర మళ్లీ కూడబలుక్కుంటుంటే అది అన్నిటికన్నా ముఖ్యమైన ఆనవాలు. మామూలు పిల్లవాడికి ఒకసారి పట్టుబడ్డ మాట రెండోసారి చూపులోనే దొరుకుతుంది.

తర్వాత అర్థం లేని మాటలు ఓ పది చీటీల మీద రాయండి. తిమకు, లోబిన, గుసపె, కుత్తిలో, పెమ్మటి, ఇట్లాంటివి. వీటిని ఎవరూ బట్టీ పట్టి ఉండరు, ఊహించడానికి కథా ఉండదు. అక్షరాన్ని శబ్దంగా మార్చే పని ఒక్కటే మిగులుతుంది. డిస్లెక్సియా, అంటే చదవడం దగ్గర వచ్చే లెర్నింగ్ డిజబిలిటీ, ఉన్న పిల్లలు ఇక్కడే ఎక్కువగా దొరికిపోతారు.

చీటీలు లేకుండా నోటితో ఆడేది ఇంకొకటి ఉంది. 'కమల' లోంచి 'మ' తీసేస్తే ఏమొస్తుంది? కల. 'పలక' లోంచి 'ల' తీసేస్తే? పక. 'కల' ను వెనక నుంచి చెప్పు? లక. బస్సులో పోతూ కూడా ఆడొచ్చు. రెండో తరగతి పిల్లలు రెండు మూడుసార్లు తడబడినా ఆట పట్టేస్తారు. మూడు, నాలుగు తరగతుల్లో ఉండి, ఆట అర్థమైనా, ప్రతిసారీ పైకి చూసి వేళ్లు మడుచుకుంటూ వెతుక్కుంటుంటే రాసుకోండి.

ఆఖర్న ఇంకో కథ మీరే చదివి వినిపించి ప్రశ్నలడగండి. విని చెప్పేవాటిలో దిట్ట, చదివి చెప్పమంటే గుడ్లు తేలేస్తాడు అంటే లోపం చదివే దారిలో ఉంది. విన్నా అంతే, చదివినా అంతే అయితే మాత్రం అది వేరే సంగతి. చెవి పరీక్ష, భాష, మొత్తం ఎదుగుదల చూపించాలి.

మన లిపి గురించి ఒక మాట చెప్పకపోతే ఈ పరీక్షంతా తప్పుదారి పడుతుంది. ముప్పై ఆరు హల్లులకు పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా నాలుగు వందల రూపాలు దాటుతాయి. దాని మీద ఒత్తులు. క ఒత్తు, త ఒత్తు, న, మ, య, ల ఒత్తులు అసలు అక్షరం పోలికలోనే ఉండవు. ర ఒత్తు నోట్లో తర్వాత పలుకుతుంది, కాగితం మీద ఎడమ నుంచి చుట్టుకొస్తుంది. రెండో తరగతి బిడ్డకు ఇవన్నీ రాలేదంటే అది వైకల్యం కానక్కర్లేదు, ఇంకా నేర్చుకుంటోంది. అయితే తెలుగులో రాసింది రాసినట్టే పలుకుతాం కాబట్టి, అక్షరాలు వచ్చాక డిస్లెక్సియా తప్పుల రూపంలోకన్నా నత్తనడక రూపంలో బయటపడుతుంది. ఇంగ్లీషు అట్లా కాదు. స్పెల్లింగుకూ పలుకుబడికీ పొంతన లేదు కాబట్టి అక్కడ తప్పుల వాన. ఇప్పుడు సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, నాకు అది భలే పనికొస్తుంది. ఒకే పాఠం రెండు పేజీల్లోనూ చదివించి చూస్తాను.

రాత, లెక్క

రాతను మూడు రకాలుగా తీసుకోండి. చూసి రాసేది, చెప్తే రాసేది, సొంతంగా రాసేది. చూసి రాతలో ముత్యాల్లా ఉండి, డిక్టేషన్‌లో 'చెట్టు' 'చెటు' అయి, 'కమలం' 'కలమం' అయితే లోపం చేతిలో లేదు, శబ్దాన్ని అక్షరంగా మార్చే చోట ఉంది. చూసి రాసినా గీత దాటిపోతుంటే, పెన్సిలు విరిగేంత ఒత్తి పట్టుకుంటే, అరపేజీకే చెయ్యి విదిలిస్తే అది చేతి పని. చొక్కా గుండీలు, బూట్ల లేసులు ఎట్లా పెట్టుకుంటాడో కూడా అడగండి. మూడోది, గంగజాతర గురించి నోటితో పది నిమిషాలు చెప్పగలిగినవాడు రాయమంటే 'జాతర బాగుంది. నేను పోయాను.' అని పెన్ను మూసేస్తే అది మరోటి. ఈ మూడింటినీ బయట డిస్‌గ్రాఫియా అనే ఒక్క మాటతో పిలుస్తారు గానీ చేయాల్సిన సాయం మూడింటికీ మూడు రకాలు.

లెక్కల్లో ఎక్కువమంది తల్లులు ఎక్కాలు రాలేదని వస్తారు. ఎక్కాలు రాకపోవడం ఒక్కటీ పెద్ద గుర్తు కాదు. ఏడు చెనిక్కాయలు చాప మీద పోసి లెక్కపెట్టించండి. ఇంకో రెండు కలిపి ఇప్పుడెన్ని అని అడగండి. 'ఎనిమిది, తొమ్మిది' అని అక్కణ్ణుంచి ఎత్తుకుంటాడా, మళ్లీ 'ఒకటి, రెండు' అని మొదటికొస్తాడా? మూడో తరగతిలో కూడా మొదటికే వస్తుంటే రాసుకోండి. 48 పెద్దదా 84 పెద్దదా అని అడగండి. 'నూట ఐదు' రాయమంటే 1005 అని రాస్తే, విన్నది విన్నట్టు రాసి పెట్టాడన్న మాట, స్థానం విలువ కుదరలేదు.

ఒక తప్పు దగ్గర మాత్రం తొందరపడొద్దు. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని వేస్తారు. ఎందుకురా అంటే, "రెండులోంచి ఏడు పోదు గదా మేడమ్, అందుకని ఏడులోంచి రెండు తీసినా" అంటారు. వాడి లెక్కకు వాడి న్యాయం ఉంది. పదుల కట్టలు, విడి పుల్లలు పెట్టి నేర్పితే చాలామందికి కొద్దిరోజుల్లో పోతుంది. పోకుండా నెలలు నిలిచిన తప్పే మనకు కావాల్సింది.

మాటల్లో ఇచ్చే లెక్క ఉంటే ముందు వాణ్ణే చదివి చేయమనండి, తర్వాత మీరు చదివి వినిపించండి. మీరు చదివితే చేసేస్తున్నాడంటే అది లెక్కల బాధ కాదు, చదువు బాధ లెక్కల వేషం వేసుకుని వచ్చింది. డిస్‌కాల్క్యులియా, అంటే లెక్కల దగ్గర వచ్చే లోపం, అనుకుని నా దగ్గరికి వచ్చి డిస్లెక్సియాగా తేలినవాళ్లు ఉన్నారు.

నేను బోల్తా పడ్డ చోటు

సత్యవేడు వైపు నుంచి ఒక పాప వచ్చింది. నాలుగో తరగతి. 'గోడ' ను 'కోడ' అని, 'బడి' ని 'పడి' అని, 'దారి' ని 'తారి' అని రాస్తుంది. రెండు పేజీల నిండా ఇదే వరస. శబ్దాల తేడా పట్టడం లేదని, ఇది డిస్లెక్సియా లక్షణమని వాళ్ల నాన్నకు చెప్పేశాను. ఆయన ఆ మాట పట్టుకుని రెండు నెలలు సరిగ్గా తిండి తినలేదట. తర్వాత ఒకరోజు పాపను వాళ్ల అవ్వ తీసుకొచ్చింది. వరండాలో ఇద్దరూ తమిళంలో మాట్లాడుకుంటున్నారు. నా తలమీద ఎవరో మొట్టినట్టయింది. మూడో తరగతి దాకా ఆ పాప చదివింది తమిళ మీడియం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, ద లకూ అంతే, ప, బ లకూ అంతే. పాప తమిళ నోటుబుక్కు తెప్పించి చూపిస్తే, తమిళం వచ్చిన మా ఆయా ఒక్క తప్పు కూడా పట్టలేకపోయింది.

నిజంగా డిస్లెక్సియా ఉంటే రెండు భాషల్లోనూ ఏదో ఒక రూపంలో కనపడుతుంది. ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే పిల్లలున్న మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇది మొదట అడగాల్సిన ప్రశ్న. నేను ఆఖర్న అడిగాను.

అట్లాగే శ, ష, స కలిపేసి రాయడం, 'భారతం' ను 'బారతం' అనడం, 'వాణి' ని 'వాని' అని రాయడం నా పుస్తకంలో తప్పుల కింద ఎక్కవు. క్లాసులో సగం మంది చేసే తప్పు ఒక పిల్లవాడి వైకల్యానికి గుర్తెట్లా అవుతుంది? అక్షరాలు అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం కూడా ఆరేడేళ్ల దాకా మామూలే.

ఇంకా పక్కన పెట్టాల్సినవి ఉన్నాయి. కళ్లు చూపించండి, చెవులు చూపించండి. చెవిలో తరచూ చీము వచ్చే పిల్లలకు శబ్దాల తేడా మసగ్గా వినపడుతుంది. రక్తం తక్కువగా ఉన్న పిల్లలు పదిన్నరకే వాలిపోతారు. వలస పోయి ఏడాదిలో నాలుగు నెలలు బడి మానిన బిడ్డకు కావాల్సింది బడి. చదువుతూ చదువుతూ మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడితే పరధ్యానం అని తిట్టకండి, అది ఒక రకం మూర్ఛ కావచ్చు, పిల్లల డాక్టరుకు చెప్పండి. ఏ పనిలోనూ, చివరికి ఆటలో కూడా, కుదురు లేదంటే ఏడీహెచ్‌డీ సంగతి అడగండి. అది లెర్నింగ్ డిజబిలిటీ కాదు, కానీ రెండూ కలిసి రావడం చాలాసార్లు చూస్తాం.

వేలిముద్రలు తీసుకుని పిల్లవాడి తెలివిని లెక్కగట్టి ఇస్తామనేవాళ్లు అప్పుడప్పుడు బడుల దగ్గర స్టాల్ పెడతారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ డబ్బుతో కళ్లజోడు వస్తుంది.

ఏ గంపలో వేయాలి

అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే రోగనిర్ధారణ పుస్తకంలో వీటన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టి, చదవడంలో, రాత ద్వారా చెప్పడంలో, లెక్కల్లో అని మూడు భాగాలు చేశారు. ఒకే పిల్లవాడికి రెండు ఉండొచ్చు, మూడూ ఉండొచ్చు. నాలుగు సంగతులు చూడమన్నారు. తగిన సాయం చేసినా ఇబ్బంది ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి. వయసుకు ఉండాల్సిన దానికంటే బాగా కింద ఉండాలి. బడి వయసులోనే మొదలై ఉండాలి. చూపు, వినికిడి, మేధో వైకల్యం, భాష రాకపోవడం, సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోవడం లాంటి వేరే కారణంతో వచ్చింది కాకూడదు. తర్వాత స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని మూడు మెట్లు. గమనించారా, మీ నోటుబుక్కులో తేదీలు లేకపోతే మొదటి షరతే తేలదు.

ఐక్యూ కూడా చూస్తారు. దాదాపు 70 నుంచి 84 మధ్య ఉన్నవాళ్లను 'స్లో లెర్నర్' అంటారు. వాళ్లకు అన్ని సబ్జెక్టులూ సమానంగా నెమ్మది. మాట కోటలు దాటి, చదువు గడప దాటని మన పిల్లవాడు ఆ కోవలోకి రాడు. ఈ రెంటినీ కలిపి 'మొద్దు' అనే ఒక్క మాటతో పిలిచే అలవాటు మన స్టాఫ్ రూముల్లో ఇంకా పోలేదు.

ముద్ర వేసేది నేను కాదు, మీరు కాదు. క్లినికల్ సైకాలజిస్టు చేయాలి. పిల్లలకు బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు తయారుచేసిన బ్యాటరీ, అంటే పరీక్షల కట్ట, వాడతారు. అందులో 5 నుంచి 7 ఏళ్ల వాళ్లకు ఒక భాగం, 8 నుంచి 12 ఏళ్ల వాళ్లకు ఒక భాగం.

కాగితాల పని

మీ బడిలో టీచరును ముందు 'ప్రశస్త్' అడగండి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన మొబైల్ యాప్ అది. 21 వైకల్యాలకూ ప్రశ్నలుంటాయి. మొదటి విడత క్లాసు టీచరే నింపొచ్చు. అక్కణ్ణుంచి మండలంలో భవిత కేంద్రం, తర్వాత జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే డీఈఐసీ కేంద్రం. సర్టిఫికెట్ కావాలంటే సచివాలయంలో సదరం (వైకల్యం తేల్చే శిబిరం) స్లాటు బుక్ చేయించుకుని, చెప్పిన రోజు ప్రభుత్వాసుపత్రికి పోవాలి. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు కూడా దీంతోనే ముడిపడి ఉంటుంది.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండాకే ఈ సర్టిఫికెట్ ఇవ్వమన్నాయి, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ చూడమన్నాయి, 18కి ఇచ్చింది జీవితాంతం చెల్లుతుందన్నాయి. ఆరేళ్ల బిడ్డను తీసుకెళ్లి 'ఇవ్వలేదు' అని బాధపడేవాళ్లు ఉన్నారు. ఎనిమిది దాకా సర్టిఫికెట్ రాదు గానీ నేర్పడం ఆపమని ఎవరూ చెప్పలేదు.

పోయేటప్పుడు ఆధార్, మార్కుల కార్డులతో పాటు మీ తప్పుల నోటుబుక్కు పట్టుకుపోండి. లైన్లో గంటలు కూర్చున్న పిల్లవాడు లోపలికి పోయేసరికి సగం నిద్రలో ఉంటాడు. ఆ పది నిమిషాల్లో వాడు చూపించలేనిది మీ పుస్తకం చూపిస్తుంది. పొద్దున టిఫిన్ పెట్టకుండా తీసుకుపోవద్దు. ఇది చిన్న మాటలా ఉంటుంది గానీ నేను ప్రతి తల్లికీ చెప్తాను.

పదో తరగతి దగ్గరికొచ్చేసరికి ఈ కాగితం విలువ తెలుస్తుంది. 2018 ఆగస్టు నాటి కేంద్ర నిబంధనలు స్క్రైబుకు, అంటే పరీక్షలో మన బదులు రాసిపెట్టే మనిషికి, అర్హత ఉన్నవాళ్లకు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వమన్నాయి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం రాకపోతే ఏమీ రాదని చాలామంది అనుకుంటారు. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి ఆ 40 శాతం లేకపోయినా స్క్రైబును ఇవ్వాల్సిందేనంది. ఆ తర్వాత 2022 ఆగస్టులో అట్లాంటి వాళ్ల కోసం విడిగా నిబంధనలు వచ్చాయి. పరీక్షకు వారం ముందు పరుగెత్తితే ఏదీ కుదరదు. తొమ్మిదో తరగతిలోనే అడగండి.

పెద్దవాళ్లు

మా తమ్ముడికి ముప్పై ఎనిమిదేళ్లు. చిత్తూరు చుట్టుపక్కల తోటల నుంచి తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే లారీ వాడిది. ఏడో తరగతి దాకా బడికి పోయినాడు, బండి రిపేరు వాడి చెయ్యి పడితే చాలు. వేబ్రిడ్జి చీటీలో బరువు అంకెలు చూపులోనే పట్టేస్తాడు. కింద రాసిన మాటలు మాత్రం "కళ్లద్దాలు తేలేదురా, నువ్వు చదువు" అని క్లీనరుకు ఇస్తాడు. వాడికి కళ్లద్దాలే లేవు. నేను ఈ చదువు చదివి కూడా ఆ మాటను ఏళ్ల తరబడి నవ్వుకుని వదిలేశాను.

పెద్దవాళ్ల దగ్గర తప్పుల నోటుబుక్కు దొరకదు, తప్పించుకునే ఉపాయాలు దొరుకుతాయి. వాటినే రాసుకోవాలి. బ్యాంకులో ఫారం ఇంటికి తెచ్చుకుని భార్యతో నింపిస్తారు. వాట్సాప్‌లో రాతకు జవాబుగా వాయిస్ మెసేజ్ పెడతారు. బస్సు బోర్డు చదవరు, కండక్టరు కేకనో, సప్తగిరి బస్సు పోలికనో పట్టుకుంటారు. చదువు వచ్చినా ఒక పేజీ పూర్తిచేయడానికి పక్కవాళ్లకు పట్టేదానికి రెండింతలు పడుతుంది, చదివిందే మళ్లీ చదువుతారు. డిగ్రీ చదివినవాళ్లలో కూడా ఇట్లాంటివాళ్లు ఉంటారు. వాళ్లకు బద్ధకస్తుడనో, మాట వినడనో పేరు పడి ఉంటుంది.

రెండు తేడాలు చూసుకోండి. బడి మొహమే చూడని పెద్దాయనకు చదవడం రాకపోతే అది అవకాశం లేకపోవడం. రెండోది ప్రాణం మీది సంగతి. నిన్నటి దాకా ఈనాడు పేపరు ఆసాంతం చదివిన మనిషికి ఈరోజు ఉన్నట్టుండి అక్షరాలు అర్థం కాకపోయినా, లెక్క తప్పినా, మాట తడబడినా అది లెర్నింగ్ డిజబిలిటీ కానే కాదు. పక్షవాతం కావచ్చు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకుపోవాలి. పుట్టుకతో వచ్చినది బడి రోజుల నుంచీ ఉంటుంది. అందుకే పెద్దవాళ్లను పరీక్ష చేసే సైకాలజిస్టు పాత ప్రోగ్రెస్ కార్డులు, టీసీ అడుగుతారు, అమ్మనో అక్కనో పిలిచి చిన్నప్పటి సంగతులు కనుక్కుంటారు. మా అమ్మ అటక మీద నుంచి వాడి ఐదో తరగతి నోటుబుక్కు తీసింది. అందులో వాడి పేరు మూడు పేజీల్లో మూడు రకాలుగా ఉంది. పక్కనే ఎర్ర పెన్ను గీతలు.

వాడికి సర్టిఫికెట్ అక్కర్లేదు. "ఇప్పుడు దాంతో ఏం జేసుకోవాలక్కా" అన్నాడు. ఫోన్లో రాత చదివి వినిపించే సౌకర్యం ఆన్ చేసిపెట్టాను, అది మాత్రం రోజూ వాడతాడు. కానీ ఒకటి అడిగాడు. వాడి కూతురు రెండో తరగతి, ఆరున్నరేళ్లు. "ఇది కూడా నా మాదిరేనా చూడు." కుటుంబాల్లో ఇది నడిచే మాట నిజమే, కాబట్టి అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

మొన్న ఆదివారం కొత్త నోటుబుక్కు మొదలుపెట్టాం. మొదటి పేజీలో ఉన్నది ఇది. 'పలక' లోంచి 'ల' తీసేస్తే: పక, టక్కున చెప్పింది. 'కమల' లోంచి 'మ' తీసేస్తే: కల, కాసేపు ఆగి. 'తిమకు' ను 'తికము' అని చదివింది, రెండోసారి సరిచేసుకుంది. చెనిక్కాయలు ఏడు, రెండు కలిపితే: ఎనిమిది, తొమ్మిది, అని చెప్పి రెండూ తినేసింది. ఒత్తులు ఇంకా రావు, వయసు చాలదు. కళ్ల పరీక్ష కాలేదు, శనివారం పోవాలి. తర్వాతి తేదీ నెల తర్వాత వేశాను.